ఊపిరి చప్పుడు వినలేని మా దీవెన

ఆ రోజు నా కూతురు దీవెన నంద్యాల నుంచి వచ్చి ఆళ్లగడ్డ బస్టాండులో దిగింది. దిగిన చోటే, ఎదురుచూస్తున్న నా ముందే కూలబడింది. రొమ్ము పట్టుకొని "మా, ఊపిరాడ్తా లేదు" అంది. చేతులు చల్లగా ఉన్నాయి. నేను ఏడవలేదు. ఆటో పిలిచాను. వాళ్ల నాయనను తీసుకుపోయిన జబ్బే దీన్నీ పట్టుకుందనుకున్నాను, అంతే.

దీవెన నంద్యాలలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది. నాకు సంతకం వరకే వచ్చు. ఇది కూడా నేను చెబుతుంటే అదే రాస్తోంది. మా ఆయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డులో పని చేశాడు. మేము పోయేది చర్చికి, ఆయన చెక్కేది గుళ్లో దేవుళ్లను. మొదట్లో ఉలి, సుత్తి. తర్వాత రాయి కోసే మిషను. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. చివరికి ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టుకొని మంచంలో ఉండి ఉండి పోయాడు.

ఆసుపత్రిలో దీవెనకు ఎక్స్‌రే తీశారు, ఈసీజీ తీశారు. డాక్టరు చూసి "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయమ్మా. గుండె కూడా నార్మల్. ఇది ప్యానిక్ అటాక్" అన్నాడు.

"జబ్బు లేదంటాండారా సార్?"

"లేదనలేదు. ఉంది. ఊపిరితిత్తుల్లో లేదు."

మాత్రలు రాసి, కౌన్సెలింగ్‌కు పొమ్మన్నాడు. ఆ మాటకు నాకు సంతోషం కలగాలి కదా. కలగలేదు. మా ఆయన పోయినప్పటి నుంచి ఏదీ నా లోపలికి దిగడం లేదు. వండుతాను, ఊడుస్తాను, పడుకుంటాను.

మాత్రలు వేసుకుంటున్నా మళ్లీ క్లాసులో అటాక్ వచ్చింది. పిల్ల పెట్టె సర్దుకొని ఇంటికి వచ్చేసింది. "సదువు సాలు మా. బట్టలంగడిలో పనికి పోతా" అంది. పరీక్షలు దగ్గర పడ్డాయి. అవి రాయకపోతే చదువు అక్కడికి ఆగిపోతుందని నాకు తెలుసు.

అప్పుడే కాలేజీలో పిల్లల మనసు కుదుటపడడానికని మైండ్‌ఫుల్‌నెస్ ట్రైనింగ్ పెట్టారు. కళ్లకు డబ్బాలాంటి అద్దాలు కట్టుకుంటారు. వీఆర్ అంటారు దాన్ని. తల ఎటు తిప్పితే అటు చెరువు, కొండలు. నీ ఊపిరిని గమనించుకో అని చెవిలో ఒక గొంతు చెబుతుంది. హాస్టల్లో మిగతా పిల్లలకు అది బాగా పనిచేసిందట. మా పిల్లను బతిమాలి పంపితే, అద్దాలు లాగి పారేసి బయటికి ఉరికింది. ముందటి వాటికన్నా పెద్ద అటాక్. ఆ ట్రైనింగ్ చూసే కౌన్సెలర్ మేడమ్ నన్ను పిలిపించింది.

"ఏమైందో చెప్పడం లేదమ్మా. మీరొకసారి పెట్టుకొని చూస్తారా?" అంది.

పెట్టుకున్నాను. నీళ్లు కనబడ్డాయి. గాలి లేదు, తడి వాసన లేదు. నాకేమీ అనిపించలేదు. ఇంతలో చెవిలో ఊపిరి చప్పుడు మొదలైంది. లోపలికి, బయటికి. నాకు తెలిసిన చప్పుడది. మా ఇంట్లో చప్పుడు.

ఆయన మంచం పక్కనే కూర్చొని దీవెన ఇంటర్ చదివింది. చెవి ఆయన ఊపిరి మీదే ఉండేది. ఊపిరి కాస్త ఆలస్యమైతే రాసే చెయ్యి ఆగేది. ఆ ఊపిరి ఆగిపోయిన రోజు మొదట తల ఎత్తింది కూడా దీవెనే. అద్దాలు తీసి మేడమ్‌కు ఇదంతా చెప్పాను.

మేడమ్ దీవెనను లోపలికి పిలిచింది. పక్కన కూర్చోబెట్టుకొని అంది: "ఆ ఊపిరి చప్పుడు తీసేద్దాం. ఊపిరే గమనించాలని లేదు. నీకు ఏ చప్పుడు వింటే నిమ్మళంగా ఉంటుందో అదే పెడదాం."

దీవెన నా వైపు చూసింది. "నాయన ఉలి సప్పుడు మేడమ్. సిన్నప్పుడు షెడ్డులో ఆ సప్పుడు ఇంటానే నిద్రపోతాంటి."

"ఆ రాయే కదే మీ నాయన్ను తినింది!" అన్నాను.

"తెలుసు మా. అయినా అదే."

ఆయన పోయాక నేను ఆ షెడ్డు వీధిలో నడవలేదు. మరుసటి రోజు ఫోను పట్టుకొని పోయాను. ఆయనతో పనిచేసిన ఓబులేసు చూసి నవ్వాడు.

"ఏందొదినా, దోవ తప్పినావా?"

"ఉలి సప్పుడు కావల్లప్పా. ఫోన్లో పట్టుకుంటా."

"ఈ సప్పుడు ఎవురింటారు? నా పాట పట్టుకో."

"నీ పాట ఇంటే ఉన్న రోగం గూడా ముదురుతాది. దీవెన కోసరం. కొట్టు."

నవ్వు ఆపేశాడు. మిషన్లన్నీ ఆపించి, సగం చెక్కిన నంది ముందు కూర్చొని ఉలి పెట్టాడు. దుమ్ము లేచింది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని ఫోను పట్టుకున్నాను. చూస్తూ చూస్తూ ఉండలేక "మూతికి గుడ్డ కట్టుకో ఓబులేసప్పా!" అని అరిచాను. అదీ ఫోన్లో పడింది.

ఆ చప్పుడు అద్దాల్లో పెట్టించేటప్పుడు మేడమ్ నా అరుపు తీసేయిస్తానంది. "ఉండనీండి మేడమ్" అంది దీవెన. ఈసారి అద్దాలు చివరి వరకు తీయలేదు. నా అరుపు వచ్చిన చోట నవ్విందని మేడమ్ చెప్పింది.

దాంతోనే నయమైపోయిందని చెప్పను. పరీక్షల ముందు మళ్లీ ఒక అటాక్ వచ్చింది. "అద్దాలొక్కటే చాలవమ్మా. మాత్రలు, మాట్లాడడం, అన్నీ కలిసి పనిచేయాలి" అన్నాడు డాక్టరు. అయినా పరీక్షలు రాసింది. ఇప్పుడు హాస్టల్లోనే ఉంది, సెలవులకు వస్తుంది. మాత్ర తగ్గించారు. నా సంగతి అట్లాగే ఉంది. దీవెనే మేడమ్‌తో మాట్లాడి నాకూ కౌన్సెలింగ్‌కు ఒక రోజు ఇప్పించింది. పోతాను.

ఇది చదివే తల్లులకు ఒకటే చెబుతాను. అందరికీ పనిచేసిన వైద్యం మీ పిల్లకు పడకపోతే పిల్లను తిట్టొద్దు, వైద్యం మానిపించి ఇంటికి తెచ్చుకోవద్దు. ఎక్కడ పడలేదో పిల్లను అడగండి. చెప్పలేకపోతే మీరు ఆ అద్దాలు పెట్టుకొని చూడండి. తెలిసింది తెలిసినట్టు డాక్టరుకు చెప్పి, అప్పుడే ఆయన ముందు నుంచి లేవండి.