మడిచిన చొక్కాచెయ్యి

అడగకముందే ఎడమ చొక్కాచెయ్యి పైకి మడిచి, "తీసుకోండమ్మా" అనేవాడు మా ల్యాబు అటెండరు. తొంభైల్లో ఢిల్లీలో నేను మలేరియా క్రిముల మీద పరిశోధన చేసేదాన్ని. సీసాల్లో పెంచే ఆ క్రిములకు మనిషి రక్తమే మేత. వారం వారం అది ఇచ్చింది ఈ శ్రీకాకుళం పెద్దాయనే.

ఒకసారి ఆయన రక్తం పోశాక క్రిములన్నీ చచ్చిపోయాయి. నిలదీస్తే, జ్వరమొచ్చి మలేరియా మాత్రలు వేసుకున్నానన్నాడు. "నెల రోజుల కష్టం నాశనం చేశావు" అని అందరి ముందూ అరిచాను. జ్వరం తగ్గిందా అని అడగాలని కూడా తోచలేదు.

మరుసటి వానాకాలం ఎప్పటిలాగే చొక్కాచెయ్యి మడిచి కూర్చున్నాడు. రబ్బరు పట్టీ కడుతుంటే ఆయన ఒళ్ళు కాలిపోతోంది. నేను ఆగిపోయాను.

"పర్లేదు, తీసుకోండమ్మా. ఈసారి మాత్ర వేసుకోలేదు" అన్నాడు.