టోపీలకు రంగు తెచ్చే లక్ష్మయ్య

చిక్కడపల్లి నుంచి నారాయణగూడ వైపు పోయే ఒక సందులో, పూలమ్మే త్రివేణి గంపకు ఎదురుగా లక్ష్మయ్య కొట్టు ఉండేది. పాత ఫెల్టు టోపీల మీద రంగు వెలిసిపోయిన చోట్లను బాగుచేయడం ఆయన పని. ఉన్నిని గట్టిగా అదిమి చేసిన ఆ టోపీలు తాతల కాలం నాటివి. వాటిని ఇప్పుడు కొత్తగా కొనేవారు లేరు, ఉన్నవారికేమో పారేయడానికి చేతులు రావు. అశోక్‌నగర్ నుంచి, గాంధీనగర్ నుంచి చేతిసంచుల్లో పెట్టుకుని తెచ్చేవారు.

పొద్దున్నే బ్రష్షు పిడికి కుంకుమ బొట్టు పెట్టి, “సామీ, ఇయ్యాల చెయ్యి తప్పనియ్యకు” అని మొక్కి గానీ పని ముట్టేవాడు కాదు. మరిగే కెటిలు ఆవిరికి టోపీని చూపి, నూగు వాలిన వైపే దువ్వేవాడు. తరువాత నల్లరంగు, చాయ్ డికాక్షను, చుక్క నీలిమందు పలచగా కలిపి, వెలిసిన చోట దూదితో అద్దేవాడు. తడి టోపీని నీడలో ఆరబెట్టి, సాయంత్రం హారతి వేళకు ఆంజనేయస్వామి గుడికి పోయేవాడు. ఆయన తిరిగి వచ్చేదాకా కొట్టులో భార్య మాసమ్మ కూర్చునేది. ఎండకు త్రివేణి పూలు వాడిపోతుంటే లేచి నీళ్ళు చల్లి వచ్చేది.

రెండువేల పన్నెండు వానాకాలంలో అంబర్‌పేట్‌లో ఉండే మాసమ్మ అక్క కాలు జారి పడింది. ఆమెను చూసుకోవడానికి మాసమ్మ పోయింది. కొట్టులో లక్ష్మయ్య ఒక్కడే ఉన్న ఆ రోజుల్లోనే కిషన్ రావు తన టోపీ కోసం వచ్చాడు. ఆయన పింఛను తీసుకునే గుమాస్తా. తండ్రి వాడిన బూడిదరంగు టోపీ పెట్టుకుని రోజూ లైబ్రరీకి పోయి పేపర్లు చదువుతాడు. ఆ టోపీ లేకపోతే నాయన నెత్తి మీంచి చెయ్యి తీసినట్టుంటుందని అంటుంటాడు.

టోపీ అందుకుని అటూ ఇటూ తిప్పాడు.

“ఏంది లక్ష్మయ్యా, ఎండకు వెలిసిందని ఇస్తే పాకురు పట్టించినవ్?”

“మజాక్ చేస్తున్రా సారూ?”

“మజాక్ కాదయ్యా. నాయన టోపీ మీద గడ్డి మొలిచింది. ఇది పెట్టుకపోతే మేకలు నా ఎంబడి పడ్తయి.”

లక్ష్మయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే టోపీని గుమ్మంలోకి తెచ్చి వెలుతురులో చూశాడు. ఆయన కంటికి అంతా ఒక్కటే బూడిదరంగు.

“త్రివేణీ, గిది ఏం రంగు బిడ్డా?”

“పచ్చగుంది గద తాతా,” అంది ఆమె, మాల కడుతూనే. తరువాత తలెత్తి ఆయన ముఖం చూసి దారం లాగడం ఆపింది.

కిషన్ రావు మరి హాస్యమాడలేదు. ఆ పచ్చ మచ్చల టోపీనే నెత్తిన పెట్టుకుని, ఆటో పిలిచి, “దా, కండ్లు చూపిద్దాం” అన్నాడు.

కంటి ఆసుపత్రిలో పరీక్షలన్నీ ముగిసేసరికి కబురు తెలిసి మాసమ్మ కూడా వచ్చింది. డాక్టరమ్మ మెల్లగానే చెప్పింది.

“నీటికాసులు, పెద్దాయనా. నొప్పి లేకుండ కంటి నరాన్ని తినేస్తది. ఒక కన్ను పోయినట్టే. రెండోదాంట్ల సగమే ఉంది. పోయింది మళ్ళ రాదు. ఉన్నదన్న ఆగుతదేమో, చుక్కల మందు ఇస్త. మీది రంగుల పనే కదా. రెండు మూడేండ్ల కిందనే రంగులు తప్పుతుండాలె. అప్పుడొస్తే చానా మట్టుకు ఆపేటోళ్ళం. ఎవ్వరూ చెప్పలేదా?”

“ఒక్క టోపీ వాపస్ రాలే డాక్టరమ్మా,” అన్నాడు లక్ష్మయ్య. “బాగుందనే తీస్కపోయిన్రు అందరు.”

మాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నేను దిద్దిన,” అంది.

మొదటిసారి ఒక గోధుమరంగు టోపీ మీద ఊదారంగు మచ్చ కనిపించిందట. ఆయన గుడికి పోయి ఉన్నాడు. అలసిపోయి తప్పు చేశాడేమో అనుకుని, ఆరకముందే తడి దూదితో తుడిచి, ఇన్నేళ్ళు చూసి నేర్చిన కలపడంతో సరిచేసింది. మళ్ళీ ఇంకో టోపీకి అలాగే అయింది. ఆ తరువాత హారతి గంట వినబడిందంటే దూది తడిపేది.

“పని తప్పుతున్నదంటే ఈయన తిండి ముట్టడమ్మా. ముసలితనమనుకున్న. కండ్లు పోతున్నయని నాకేమెర్క?”

ఆమె చేసింది తప్పని అనడానికి నోరు రాదు. ఆయన మనసు చల్లగా ఉండాలని దేవుడికి దండం పెట్టి మరీ చేసిన పని అది. ఆ దండం ఆయన చూపును కాపాడలేదు. ఎందుకో ఆ దేవుడే చెప్పాలి.

లక్ష్మయ్య ఆటో దిగేటప్పుడు ఆమె చెయ్యి అందిస్తే పట్టుకోలేదు, ఇనుప కమ్మీ తడుముకుని దిగాడు.

కిషన్ రావు తన టోపీని మళ్ళీ వాళ్ళకే ఇచ్చాడు. “తొందరేం లేదు, మీరే చెయ్యిండ్రి” అన్నాడు. మాసమ్మ పచ్చదనం తుడిచి, కొత్తగా రంగు కలిపి అద్దింది. ఈసారి భర్త ఎదుటే కూర్చుని అద్దింది. ఆరాక ఆయన చేతికిచ్చింది.

“ఏం రంగు?”

“బూడిదరంగే. పక్కదాంట్ల కలిసిపోయింది.”

“బూడిదరంగేనా?”

“నీ మీద ఒట్టు.”

లక్ష్మయ్య టోపీని కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తరువాత లేచి, గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా పోయాడు.

“త్రివేణీ, జర నువ్వు చెప్పు బిడ్డా. గిది ఏం రంగు?”

త్రివేణి చెప్పింది. మాసమ్మ చెప్పిందే చెప్పింది. ఆయన తలూపి, టోపీని మాసమ్మకు ఇవ్వకుండా తానే తడుముకుంటూ మేకుకు తగిలించాడు.

ఆ తరువాత ఇంట్లో ఆమె ఏది అందించినా అంతే. స్వామి పటానికి పెట్టే పువ్వు ఎర్రదని ఆమె చెబితే, దాన్ని పట్టుకుని గుమ్మంలోకి పోయి దారిన పోయేవారిని అడిగి వచ్చాకే పెట్టేవాడు.