వీర్రాజు గారు బానెట్ వేశాక

ఈ ఉదయం భీమవరం దగ్గర ఒక రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి ఉన్నాను. చెరువు నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్‌ను మరమ్మతు చేసి, గేర్‌బాక్స్ పైమూత ఇంకా వేయకుండానే మా టెక్నీషియన్ రమేష్ అప్పుడే ఆన్ చేశాడు. రెక్కలు నీళ్ళను చరిచే హోరు కింద, గేర్‌బాక్స్‌లో ఎక్కడో సన్నగా టిక్ టిక్ మంటోంది. "అంతా బాగానే ఉంది కదా?" అన్నాను. "ఏమీ లేదు సార్, బాగుంది" అన్నాడు రమేష్, నా వైపు కాకుండా చెరువు వైపు చూస్తూ. ఆ మాటా, ఆ చూపూ ఒకప్పుడు నావి. వీర్రాజు గారు గుర్తొచ్చారు.

ఇంజనీరింగ్ పూర్తయ్యాక ఉద్యోగం దొరికేదాకా పాలకొల్లులో ఆయన కార్ల షెడ్డులో పనిచేశాను. మడిచి కట్టిన లుంగీ, భుజం మీద నూనె మరకల తువ్వాలు, పెద్ద గొంతు. ఏ శబ్దం విన్నా దానికి కారణాల వరుస కట్టడం నా అలవాటు: బేరింగా, టైమింగ్ చెయినా, వాల్వా, వదులైన బ్రాకెట్టా అని. మొదటి వారంలోనే ఆయన నన్ను పట్టేశారు. "ఏం బాబూ, ఇంజన్ ముందు నిలబడి పరీక్ష రాస్తున్నావేంటి? కళ్ళు మూసుకుని ముందు దాన్ని చెప్పనివ్వు. నీ జవాబు తర్వాత" అన్నారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, చెక్క పిడిని నా చెవి పక్కన పెట్టారు. కాలేజీలో నాకు ఎవరూ వినడం నేర్పలేదు. నాకు ఆ విద్య ఇచ్చింది ఆయనే.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. విప్పి కట్టిన ఇంజన్ ఏదైనా సరే, బానెట్‌ను మేమెవరం మూయకూడదు. ఆయన వచ్చి, చెవిపెట్టి, తల ఊపి, తన చేత్తోనే వేసేవారు. ఆ దబ్బున వినిపించే చప్పుడుతో పని ముగిసినట్టు. ఆ తర్వాత దాని గురించి ఎవరూ నోరెత్తేవారు కాదు.

నేను చేరేసరికే ఆయనకు సన్నని శబ్దాలు వినబడటం మానేశాయి. బరువైన దడదడ ఎంత దూరాన్నుంచైనా పట్టేవారు గానీ, జేబులో మోగుతున్న ఫోన్ తెలిసేది కాదు. పాత మెకానిక్ సత్యం వెళ్ళి "మీకేనండీ ఫోను" అని సైగ చేసేవాడు. మేమంతా గొంతు పెంచి మాట్లాడేవాళ్ళం. ఎందుకో ఆయన అడగలేదు, మేం చెప్పలేదు. గురువు గారితో అలాంటి మాట ఎలా అంటాం?

ఒక పంతులు గారి పాత కారు ఇంజన్ పూర్తిగా విప్పి కట్టాం. స్టార్ట్ చేయగానే పైభాగంలో టిక్ టిక్ మంది. సత్యం నా వైపు చూశాడు, నేను అతని వైపు చూశాను. వీర్రాజు గారు వంగి విన్నారు, తల ఊపారు, బానెట్ వేశారు.

నాలుగు రోజులకే పంతులు గారు తిరిగొచ్చారు. "టిక్కుటిక్కుమంటోందండీ. ఇంతకుముందు లేదు."

"కొత్తగా కట్టిన ఇంజన్ కదండీ, మీ చెవి దాని మీదే ఉంటుంది. భ్రమ" అని నవ్వి, వీర్రాజు గారు నా వైపు తిరిగారు. "ఏం బాబూ, ఏమీ లేదు కదా?"

ఇంజన్ నడుస్తూనే ఉంది. టిక్కు నా చెవుల్లో పడుతూనే ఉంది. "ఏమీ లేదండి" అన్నాను.

ఆ వారంలోనే కారు రావులపాలెం దాటాక ఆగిపోయింది. పంతులు గారు పెళ్ళి చేయించడానికి వెళుతున్నారు. ఎవరి మోటార్‌సైకిల్ వెనకో ఎక్కి, పంచె ఎగరకుండా రెండు చేతులతో పట్టుకుని ముహూర్తానికి అందుకున్నారట. కారును తాడు కట్టి లాక్కొచ్చాం. పైమూత విప్పితే వాల్వు దగ్గరి నట్టు ఊడి పడి ఉంది. మొదటి నుంచీ దాని బిగువు చాల్లేదు.

వీర్రాజు గారు ఆ నట్టును అరచేతిలో దొర్లిస్తూ, "ఇది మోగకుండా ఊడదే" అన్నారు. తలెత్తి మా ముఖాలు ఒక్కొక్కటే చూశారు. "మీకు వినబడిందా?"

"వినబడిందండి" అన్నాను చివరికి.

"ఎప్పట్నుంచి?"

"మీరు బానెట్ వేసిన రోజు నుంచేనండి."

"మరి చెప్పలేదేంరా?"

సత్యం గొణిగాడు. "మీరు వేశాక మేమెలా చెబుతామండీ గురువు గారూ."

ఆయన టైరు మీద కూర్చుండిపోయారు. "నాకు చెవుడొచ్చిందని అందరికీ తెలుసన్నమాట, నాకు తప్ప. ఇంత గౌరవం ఇచ్చేబదులు కాస్త చెవులిస్తే సరిపోయేది కదరా" అన్నారు. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. ఆయన తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని పంతులు గారింటికి వెళ్ళారు. అరుగు మీద చుట్టాలున్నారు. వాళ్ళందరి ముందే చేతులు జోడించారు. "నాకు చెవులు సరిగా వినబడటం లేదండి. తెలియక మీదే భ్రమ అన్నాను. భ్రమ నాది. ఇంజన్ మళ్ళీ కట్టిస్తాను."

అంతటి మనిషి అలా నిలబడితే, చాటుకు పోదామని నా కళ్ళు స్తంభం కోసం వెతికాయి. పంతులు గారు ఆయన చేతులు దించి కూర్చోబెట్టారు. అంతలో నన్ను గుర్తుపట్టారు. "అయితే ఈ బాబు కూడా లేదనే అన్నాడేమండీ? వీడికీ చెవుడేనా?"

చుట్టాలు నవ్వారు. వీర్రాజు గారు నవ్వలేదు. "వాడు నా మాటే అన్నాడండి. వాడి మాట వాడింకా అనలేదు" అన్నారు.

నన్ను తప్పించడానికే ఆ మాట అన్నారు. కానీ అది నన్ను తప్పించలేదు. దారిలో క్షమించమని అడగబోతే, ఆయన చెయ్యి ఊపి "రేపు ఆ ఇంజన్ నువ్వే విను. బానెట్ నువ్వే వెయ్యి" అన్నారు. మర్నాడు వేశాను. ఆయన పక్కన నిలబడి నా ముఖం వైపే చూశారు. నేను తల ఊపాక మాత్రమే కదిలారు. ఆ తర్వాత షెడ్డులో ఉన్నంతకాలం ఆయన "ఏమీ లేదు కదా" అని ఎవరినీ అడగ్గా నేను వినలేదు.

ఈ ఉదయం నేను అడిగాను. జవాబు నేనే పెట్టి, తల ఊపడం రమేష్‌కు వదిలేశాను. అతనికి నేను సార్‌ని. నాకు వినబడని టిక్కులు ఎన్నిటిని ఇలాగే గట్టు దాటించానో తెలియదు. ఈ ఒక్కటి మాత్రం వినబడింది.

"రమేష్, నేను తప్పుగా అడిగాను. నీకేం వినబడుతోంది?"

అతను నీళ్ళ వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను.

"మూత వేయొద్దు సార్" అన్నాడు.