రెండో సభకు చేరని ధర

ఈ ఉదయం హొసకోటెలో బస్సెక్కిన రైతు ఒకాయన పట్టుగూళ్ళ సంచిని నా కాళ్ళ దగ్గర పెట్టాడు. ఆ పచ్చి వాసన ముక్కుకు తగలగానే రుక్మిణమ్మ గారు గుర్తొచ్చారు. వెంటనే కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళయినా నాకు ఆ రెండూ విడివిడిగా రావు.

నేను శాసనసభ కార్యాలయంలో గుమాస్తాగా చేరినప్పుడు మా విభాగానికి ఆవిడే అధికారి. దేవనహళ్ళి మనిషి, గొంతు పెద్దది. ప్రభుత్వం దేనికైనా ధర నిర్ణయించి ఉత్తర్వు ఇస్తే, మంత్రి దాన్ని అసెంబ్లీలోనూ, ఎగువ సభ అయిన విధాన పరిషత్తులోనూ సభ్యుల ముందుంచాలి. వాళ్ళు చదివి ప్రశ్నించడానికే ఆ నియమం. శాఖల వాళ్ళేమో సమావేశాల చివరి రోజు దాకా నానబెట్టి, కాగితాలన్నీ ఒక కట్టగా మోసుకొచ్చేవారు. మంత్రి లేచి ఒక్క గుక్కలో పేర్లు చదివి కూర్చునేవాడు. అప్పటికే సగం మంది సభ్యులు ఊళ్ళకు బయలుదేరి ఉండేవారు. ఆ ఆనవాయితీ అంటే రుక్మిణమ్మ గారికి ఒళ్ళు మంట.

ఒక ఏడు పట్టుగూళ్ళకు కనీస ధర ఉత్తర్వు వచ్చింది. అంతకు తక్కువకు వ్యాపారులు కొనకూడదు. మా నాయన దాన్నే నమ్ముకొని ఇంకాస్త పొలంలో మల్బరీ నాటాడు. చివరి రోజు మధ్యాహ్నం శాఖాధికారి ఆ ఉత్తర్వును అసెంబ్లీలో పెట్టించి, మా గదికొచ్చి కుర్చీ లాక్కొని టీ తెప్పించుకున్నాడు.

"పరిషత్తులో ఎప్పుడు పెడతావప్పా?" అన్నారావిడ.

"మంత్రిగారు ఇప్పుడే పెళ్ళికి పోయినారు మేడమ్. నెక్స్ట్ సెషన్‌లో పెడతాం."

"ఇవే సమావేశాల్లో రెండు సభల్లోనూ పెట్టకపోతే ఉత్తర్వు చెల్లదని చట్టంలో ఉండాది. పరిషత్తు ఇంకా నడస్తా ఉండాది. ఇంకో మంత్రితోనైనా పెట్టించు పో."

"చిన్న విషయం మేడమ్. అడ్జస్ట్ చేసుకోండి."

"అంతదాకా రైతు గూళ్ళనేం చేసుకోవాల? పురుగు గూడు తొలుచుకొని ఎగిరిపోదా?"

అతను నవ్వి, టీ పూర్తి చేసి వెళ్ళాడు. ఆవిడే మరో మంత్రిని వెతుక్కుంటూ వరండాలో పరుగెత్తారు. ఆయన దొరికేసరికి పరిషత్తు ముగిసింది.

వ్యాపారులు కోర్టుకెళ్ళారు, ఉత్తర్వు చెల్లలేదు, ధర కూలిపోయింది. నాయన మల్బరీ తోట పెరికేసి, వైట్‌ఫీల్డ్‌లో అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర కాపలాకు చేరాడు. శాఖ మాత్రం అది సాంకేతిక లోపమని జవాబిచ్చింది.

"సాంకేతిక లోపమంట. వాళ్ళ జీతాల బిల్లు మీద సంతకం ఏనాడన్నా మరిచినారా?" అన్నారు రుక్మిణమ్మ గారు. నా కళ్ళల్లో నీళ్ళు చూసి కూడా ఓదార్చలేదు. "మీ నాయనకు చెప్పప్పా. ధర కొట్టేసింది కోర్టు కాదు. ఈ కుర్చీలో కూర్చొని టీ తాగిపోయినోడు."

ఆవిడ పోయి చాలాకాలమైంది. ఆ గది ఇప్పుడు నాది. కోపం ఆరోగ్యానికి మంచిది కాదని ఇంట్లో అంటుంటారు. నాకు దాన్ని వదులుకోవాలని లేదు.

ఇవాళా సమావేశాల చివరి రోజే. మధ్యాహ్నం ఒక అధికారి అసెంబ్లీలో పని ముగించుకొని, చంకలో కట్టతో నా గదికొచ్చాడు. కూర్చోబోయి అటూ ఇటూ చూశాడు.

"కుర్చీ లేదేంటి సార్?"

"పరిషత్తు ఇంకా నడస్తా ఉండాది. అక్కడ పెట్టించుకొని రా అప్పా," అన్నాను. "కుర్చీ అప్పుడు వేయిస్తాను."