పెద్దమామ బేరం

మొన్న నారాయణగూడ మార్కెట్లో మా కోడలు వంకాయల ధర నచ్చక, ఇక అక్కర్లేదన్నట్టు నాలుగడుగులు వేసి, బండివాడు పిలుస్తాడేమోనని చెవి వెనక్కి పెట్టి నడుస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు, మనందరం అలా బేరమాడి బతికినవాళ్లమే. కానీ ఆ నడక చూస్తే నాకు మా పెద్దమామ గుర్తొస్తాడు. ఇన్నేళ్లయినా ఆయన మీద నా కోపం చల్లారలేదు.

ఆయన మా అమ్మకు అన్న. చిక్కడపల్లిలో సొంత ఇల్లు, దాని మీద వచ్చే కిరాయిలు, పైగా ఆఫీసులో ఉద్యోగుల సంఘానికి పెద్ద. అదే ఆఫీసులో మా నాయన గుమాస్తా, మేముండేది అశోక్ నగర్లో కిరాయి ఇంట్లో. అరవై తొమ్మిది ప్రాంతంలో, ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరేగింపులతో, మూతపడ్డ కాలేజీలతో ఊరంతా అట్టుడుకుతున్నప్పుడు, నాయనకు రిటైర్మెంటు దగ్గరపడింది. నవాబు కాలం నాటి పాత సర్కారులో చేసిన నౌకరీని పెన్షన్‌కు లెక్కేస్తారా లేదా అన్నదే ఇంట్లో పొద్దస్తమానం మాట. వేయకపోతే వచ్చేది ఇంటి కిరాయికే చాలదు, నా చదువూ తమ్ముడి చదువూ ఇంకా మధ్యలోనే ఉన్నాయి.

మంత్రిగారితో మాట్లాడడానికి మామతోపాటు నాయన కూడా వెళ్లాడు. పాత నౌకరీలో సగం లెక్కేస్తామని మంత్రి అన్నాడట. నాయన మామ మోచెయ్యి పట్టుకుని, "సగమైనా చాలు బావా, ఒప్పుకో జర" అని బతిమాలాడట. మామ వింటేనా! మొత్తం ఇస్తేనే సరి, లేకపోతే రేపట్నుంచి ఒక్క ఆఫీసు కూడా తెరుచుకోదని బెదిరించి, సంఘంవాళ్లందర్నీ లేపుకుని బయటికి నడిచాడు. సమ్మెకు పట్టుమని పదిమంది కూడా సిద్ధంగా లేరని ఆయనకు తెలుసు, మంత్రికి అంతకన్నా బాగా తెలుసు. మెట్లు దిగుతూ, "సూస్తుండు, ఇప్పుడే పిలుస్తడు" అన్నాడట. గేటు దాటేదాకా ఎవరూ పిలవలేదు. తర్వాత వీళ్లే మళ్లీ పోయి, సగానికే ఒప్పుకుంటామంటే, ఆ మాట ఇప్పుడు లేదన్నారు.

నాయన రిటైరయ్యాక కూడా ఒక బట్టల దుకాణంలో చిట్టా రాసే పనికి కుదిరాడు. నేను కాలేజీ మానేసి, టైపు నేర్చుకుని ఉద్యోగంలో చేరాను. పందెం కాసింది మామ, పోయింది నాయన ముసలితనం. ఆ హక్కు ఆయనకెవరిచ్చారని అప్పుడు అడగలేకపోయాం.

ఒకసారి మామ మా ఇంటికొచ్చి, "గట్ల అయితదని నేననుకున్ననా చెల్లె" అన్నాడు. అమ్మ బియ్యంలో రాళ్లేరుతూనే ఉంది. ఆయనకు రోషం వచ్చి లేచాడు. అంతకుముందు ఆయన అలిగి లేస్తే అమ్మ గుమ్మం దాకా పరుగెత్తి, చాయ్ తాగి పొమ్మని కూర్చోబెట్టేది. ఆయన చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది, గేటు దగ్గర కూడా కాసేపు ఆగాడు. అమ్మ పిలవలేదు.

ఆ రోజుల్లో బండివాళ్లు మనల్ని పేరుపేరునా ఎరుగుదురు, "రా అక్కా, తీస్కో" అని వెనక్కి పిలిచేవాళ్లు. ఇప్పుడు ఫోన్లో డబ్బు పడిందా లేదా అన్నదే వాళ్లకు కావాలి, తల కూడా ఎత్తరు. టీవీలో మాత్రం నాయకులు ఇంకా చర్చల్లోంచి లేచి బయటికొస్తూనే ఉన్నారు, నేను వాళ్లను చూడను, వాళ్ల వెనకాల గుమ్మం దగ్గర ఆగి తిరిగి చూసే మా నాయనలాంటి ముసలాయన ఎవరైనా ఉన్నాడేమోనని వెతుకుతాను.

మొన్న మా కోడల్నీ బండివాడు పిలవలేదు. నేనే వెనక్కి వెళ్లి, వాడు చెప్పిన ధరకే కొన్నాను. వంకాయలకైతే వెనక్కి వెళ్లొచ్చు.