వేడి తగ్గేదాకా

మా మామయ్యగారు పోయారని తెలిసేసరికి నేను బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో స్కూటీ మీద కూర్చుని హారన్ కొడుతున్నాను. సంచిలో కంకిపాడు రైతు పంపుకని కొన్న కొత్త బేరింగు ఉంది. మధ్యాహ్నం లేత్ ఆపి, భోజనానికి ఇంటికెళ్ళి, కాసేపు నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదని అత్తయ్యగారు ఫోన్లో చెప్పారు. ముందున్న లారీ ఎంతకీ కదలలేదు. ఆ రోజు నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. ఇది కూడా నిలబడే రాస్తున్నాను.

మా పుట్టిల్లు ఉయ్యూరు దగ్గర చెరకు పండించే ఇల్లు. కోడలిగా వచ్చాక ఆటోనగర్‌లో మామయ్యగారి లేత్ షాపుకు ఫోన్లు ఎత్తడానికని వెళ్ళి, ఆ మిషన్ దగ్గరే నిలబడిపోయాను. కొడుకు బ్యాంకులో కుదురుకున్నాడని నాకు నేర్పారో, నా పోరు పడలేక నేర్పారో తెలియదు. మొదటి రోజు మాత్రం ముందు నా గాజులు తీయించారు. తిరిగే ఇనుము గాజునీ, కొంగునీ, జడనీ దేన్నీ వదలదు. "ముత్తయిదువ చేత గాజులు తీయిస్తారా?" అని అత్తయ్యగారు ఆయనతో రెండ్రోజులు మాట్లాడలేదు. ఆయన ఇత్తడి ముక్కొకటి లేత్ మీద నున్నగా చెక్కి, గోడకు కొక్కెంలా బిగించారు. "పసుప్పచ్చగా ఉందిగదమ్మా, శుభమే. ఇక్కడ తగిలించుకో," అన్నారు.

ఆయన పాఠం చిన్నదే. చక్ అనే పట్టులో బిగించిన ఇనుము తిరుగుతుంది. పదునైన టూలు పక్కనుంచి మెల్లగా జరుగుతూ పైపొర తీసేస్తుంది. పంపు షాఫ్టులు, చెరకు రసం మిషన్ల రోలర్లు, ట్రాక్టరు పిన్నులు అన్నీ అలా తయారైనవే. నేను ఊరికే అటూ ఇటూ తిరుగుతుంటే, "తిరగాల్సింది ఇనుమమ్మా, నువ్వు కాదు," అనేవారు. నవ్వొచ్చేది, ఒళ్ళూ మండేది.

ఆ తొందరతోనే ఒకసారి షాఫ్టు పాడుచేశాను. చెక్కేటప్పుడు ఇనుము వేడెక్కి, వెంట్రుకవాసి లావవుతుంది. నేను ఆగలేక వేడి మీదే కొలిచి, ఇంకా లావుందని మరో పొర తీశాను. చల్లారాక దాని మీద బేరింగు లొడలొడలాడింది. ఆయన తిట్టలేదు. "ఈసారి చెయ్యేసి చూడు. నీ ఒంటికన్నా వెచ్చగా ఉన్నంతసేపూ కొలవకు," అన్నారు. తిట్టి ఉంటే ఎప్పుడో మర్చిపోయేదాన్ని.

ఆయన పోయిన రోజు ఆ కంకిపాడు రైతు పంపు షాఫ్టు చక్‌లోనే ఉండిపోయింది, ఆఖరి పొర మిగిలి. ఒకసారి విప్పితే మళ్ళీ అదే సెంటరుకు బిగించడం కష్టం. అందుకని ఇంకో షాపుకూ పంపలేకపోయాం. నాలుగో రోజు ఆ రైతు మా ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అడగకూడని టైమేనండీ. కాలవ నీళ్ళు మడికి ఎక్కట్లేదు. నారు ఎండిపోతోంది."

మైలలో పనేమిటని బంధువులు గొణిగారు. అత్తయ్యగారు లేచి నా దగ్గరికొచ్చారు. "వెళ్ళమ్మా, ఆయన మొదలెట్టిన పని. గాజులు ఆ కొక్కేనికే తగిలించు," అన్నారు.

తగిలించాను. లేత్ ఆన్ చేశాను. ఆయన ఆపిన చోటి నుంచి చివరి పొర తీసి, మిషన్ ఆపి, షాఫ్టు మీద చెయ్యేసి నిలబడ్డాను. ఇన్నేళ్ళలో అంత కదలకుండా ఎప్పుడూ నిలబడలేదు. వేడి పోయాక కొలిచాను. సైజు సరిపోయింది. ఇక చక్ విప్పడమే మిగిలింది. విప్పితే ఆయన బిగించిన పని అక్కడితో అయిపోతుంది. నాకు చెయ్యి రాలేదు.

"అయిందా అండీ?" అని బయటి నుంచి రైతు అడిగాడు.

"ఒక్క నిమిషమండీ, వేడి తగ్గాలి," అన్నాను.

నా చెయ్యి మళ్ళీ షాఫ్టు మీదే ఉంది. అది చల్లారి చాలాసేపైంది.