గోడౌను గోడ మీది గీత

మా ఇల్లు కట్టిన మేస్త్రికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి తెలిసి కూడా పునాది తీసే రోజున నోరు జారాను. "ఇంకో రెండడుగులు ఎత్తు పెంచితే ఎలా ఉంటుంది మేస్త్రీ?" అన్నాను. చేతిలో తాపీ కింద పెట్టేశాడు.

"మీరు బళ్లో లెక్కలు చెప్తుంటే నేనెప్పుడైనా మధ్యలో వచ్చి మాట్లాడానా మాస్టారూ?"

మళ్లీ నోరెత్తితే ఒట్టు.

ఆయన్ని అందరూ గీతల మేస్త్రి అంటారు. ఏటి ఒడ్డున రాతితో కట్టిన పాత గోడౌను ఒకటుంది. ఆయన చిన్నప్పుడు పెద్ద వరద వస్తే, నీళ్లు ఎంతదాకా ఎక్కాయో అంతకి వాళ్ల నాన్న ఆ గోడ మీద ఉలితో అడ్డంగా గీత చెక్కాడు. ఆ తండ్రి కూడా మేస్త్రే. ఈయన ఏ ఇల్లు మొదలుపెట్టినా ముందు ఆ గీత దగ్గరికి వెళ్తాడు. నీళ్లు నింపిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం పట్టుకుని, ఆ మట్టాన్ని ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి, ఒక ప్రహరీ నుంచి ఇంకో ప్రహరీకి దాటిస్తూ, వీధులన్నీ తిరిగి కొత్త స్థలం దాకా తెస్తాడు. దానికే ఒక పూట పడుతుంది. దానిమీద ఒక జానెడు ఎత్తులో ఇంటి గచ్చు వస్తుంది. ఇల్లు పూర్తయ్యాక గుమ్మం పక్కన అదే మట్టానికి ఉలితో గీత చెక్కి, అప్పుడు సామాను సర్దుకుంటాడు.

నలభై ఏళ్లలో అరవై పైచిలుకు ఇళ్లు కట్టాడు. ఒక్క ఇంట్లోకీ చుక్క నీరు రాలేదు. అంత చెప్పుకోదగ్గ సంగతి ఉంటే ఎవరికైనా కాస్త తలపొగరు ఉంటుంది. ఈయనకి కాస్త ఎక్కువే ఉండేది.

తర్వాత వానల పద్ధతి మారింది. నాలుగు నెలలు సర్దుకుని పడాల్సింది, రెండు నెలలు మొహం చాటేసి, ఒక్క మధ్యాహ్నంలో కుమ్మరించడం మొదలైంది. మొదటిసారి నీళ్లు మా గుమ్మం దాకా వచ్చి ఆగాయి. కాలవ పూడిపోయిందన్నాడు మేస్త్రి. నిజంగానే పూడిపోయింది. ఇద్దరం కలిసి మున్సిపాలిటీని తనివితీరా తిట్టుకున్నాం. మరుసటేడు ఇంట్లో చీలమండ లోతున నీళ్లు నిలిచాయి. మా ఆవిడ కుట్టు మిషను మోటారు, నా పుస్తకాల్లో కింది అర మొత్తం పోయాయి. మేస్త్రి వచ్చి గోడ మీది తడి మరక చూశాడు. పైవీధిలో చెరువు పూడ్చి షాపులు కట్టారు, నీళ్లు ఎటు పోతాయి మరి, అన్నాడు. అదీ నిజమే. ఆయన చెప్పిన కారణాల్లో ఒక్కటీ అబద్ధం కాదు, అందుకే ఆయన చాలాకాలం గట్టెక్కాడు.

ఆయన కూతురు నీటి సరఫరా ఆఫీసులో పనిచేస్తుంది. రోజూ పొద్దున్నే ఎంత వాన పడిందో కొలిచి పుస్తకంలో రాయడం ఆమె పని. మా ఎదురు స్థలం కొనుక్కుంది. తండ్రి చేతే ఇల్లు కట్టించుకోవాలని ఆశ. కానీ గచ్చు తాత గీత కంటే నిలువెత్తు పైన ఉండాలంది. మేస్త్రి ఒంటికాలి మీద లేచాడు.

"మా నాన్న గీతనే అనుమానిస్తావా?"

"తాతని అనుమానించట్లేదు నాన్నా. తాత అన్ని నీళ్లు చూశాడు, అంతకి గీశాడు. నేను రోజూ కొలుస్తున్నా కదా, ఇప్పుడు పడేది తాత చూడని వాన."

"అయితే ఇంకో మేస్త్రిని చూసుకో."

"చూసుకుంటా."

పట్టుదలలో తండ్రికి తగ్గ కూతురే. ఆర్నెల్లు మాటల్లేవు. మధ్యలో తల్లి నలిగిపోయింది. వానలు తగ్గాక పని మొదలుపెట్టేలా, ఒకప్పుడు ఈయన కిందే పనిచేసిన మేస్త్రిని కూతురు మాట్లాడుకుంది. సొంత కూతురి ఇల్లు పరాయి చేతి మీదుగా లేవబోతోంది. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. అయినా మెట్టు దిగలేదు.

ఆ ఏడు రెండు రోజులు ఆగకుండా కురిసింది, మా ఇంట్లోకి మళ్లీ నీళ్లొచ్చాయి. మూడోరోజు తెరిపిచ్చాక మేస్త్రి గీత చూసి రావడానికి బయల్దేరాడు. నేనూ వెళ్లాను. గోడౌను ముందున్న అరుగు మీద నిలబడితే ఆ గీత మోకాలి ఎత్తున ఉంటుంది. మేస్త్రి అరుగెక్కాడు. నీళ్లు నడుం దాటాయి. ఒంగి, నీళ్లలో చెయ్యి పెట్టి గోడంతా తడిమాడు. మోచెయ్యి దాటి మునిగాక వేళ్లు ఒకచోట ఆగాయి. చాలాసేపు అలాగే ఒంగి ఉండిపోయాడు. నాకు భయమేసి గట్టు మీంచి కేకేశాను.

బయటికొచ్చి, "ఇక్కడ కాలవ లేదు మాస్టారూ," అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఇటు ఏరు, అటు గోడ. మధ్యలో ఏమీ లేదు. ఇక్కడ నిలబడి ఎవర్ని తిట్టను?"

వరద తీశాక తను కట్టిన ప్రతి ఇంటికీ వెళ్లాడు. నాలుగోరోజు మా వంతు. లోపలికి రమ్మంటే రాలేదు, గేటు దగ్గరే నిలబడ్డాడు. "మీ ఇల్లు తక్కువ ఎత్తులో కట్టాను మాస్టారూ. ఆ రోజు మీరడిగితే కసురుకున్నాను కూడా. వచ్చే ఏడు ఇంతకంటే ఎక్కువ రావచ్చు."

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది. కాలవని తిట్టినన్నాళ్లూ ఇద్దరం ఒకే పక్షం. ఇప్పుడు ఈయన తప్పు ఒప్పేసుకుంటే నేనొక్కణ్ణీ ఎవర్ని తిట్టుకోవాలి? "ఇప్పుడు చెప్తే ఏం లాభం?" అన్నాను, కటువుగానే.

"ఇల్లు ఎత్తలేను. స్విచ్చి బోర్డులు ఎత్తగలను. అటకలు వేయగలను."

ఇంటింటికీ అదే పని పెట్టుకున్నాడు. కొందరు మొహం మీదే తలుపేశారు. వయసు మీదపడి మతి చెడిందని ఒకాయన అందరికీ వినబడేలా అన్నాడు. మేస్త్రి పల్లెత్తు మాట అనలేదు. "కోపం రావట్లేదు, ఆయన ఒంట్లో బాగోలేదేమో," అని మా ఆవిడ నిజంగానే కంగారుపడింది.

ఎదురు స్థలంలో పునాది తీసే రోజు పిలవకుండానే వచ్చాడు. కొత్త మేస్త్రి పక్కకి జరిగాడు. నేను మా వరండాలోనే ఉన్నాను, అన్నీ వినబడుతున్నాయి.

"ఎంత ఎత్తు పెడదాం నాన్నా?"

"నాకు తెలీదమ్మా."

ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. కూతురు ఆయన పక్కకి వచ్చి నిలబడింది.

"నాకూ కచ్చితంగా తెలీదు. లెక్కవేస్తే నిలువెత్తు చాలనిపిస్తోంది. చాలకపోతే డాబా మీదికి ఎక్కడానికి బయట్నుంచి మెట్లు పెట్టుకుందాం."

"సరే, పెడదాం," అని చొక్కా చేతులు పైకి మడిచాడు. ఆ ఇల్లు మేస్త్రులిద్దరూ కలిసి స్తంభాల మీద కట్టారు.

పని పూర్తయిన రోజున అలవాటు ప్రకారం అందరం గుమ్మం దగ్గర పోగయ్యాం. మొన్నటి వరద ఎంతదాకా వచ్చిందో అంత మట్టానికి, గచ్చు కింద స్తంభం మీద మేస్త్రి పెన్సిల్‌తో సన్నటి గీత గీశాడు. కొత్త మేస్త్రి ఉలీ సుత్తీ అందించాడు. ఆయన తీసుకోలేదు.

"వద్దురా. చెక్కితే మళ్లీ నమ్మేస్తాను."

పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, మా అటక పని ఇంకా మిగిలుందంటూ రోడ్డు దాటి వచ్చాడు.